కంట్లో వంక

9 ఫిబ్రవరి 2015

నా కంట్లో నీళ్ళు కారడం లేదు. కారడం లేదు. కారడం లేదు.

ఇంట్లో చెబితే వినే మనిషి లేడు, ఆసుపత్రిలో చెబితే వినే తీరిక లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. ఈ కాగితమైనా నా మాటను నా మాటలాగే ఉంచుతుంది.

పోయిన నెల కొమరోలులో కంటి క్యాంపు పెట్టి మమ్మల్నందరినీ వ్యానులో మార్కాపురం తీసుకుపోయారు. నాకు కుడి కంటికి శుక్లం తీసి లెన్సు పెట్టారు. కట్టు విప్పిన రోజు నిజంగా సంబరపడ్డాను. మా అంగన్‌వాడీ గోడ మీద అక్షరాల చార్టు పసుపు రంగుదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. తెల్లదట! ఆయా చెంచమ్మ ముఖం మీద ఇన్ని ముడతలున్నాయని కూడా అప్పుడే తెలిసింది. ఆమెకు చెప్పలేదు.

ఆ వారం తిరక్కుండానే మొదలైంది. పొద్దు గూకి లైటు వేసే వేళకు కుడి కంట్లో చెవి వైపుగా, కాస్త కిందికి, తెల్లగా మెరిసే వంపు గీత. విదియ నాటి నెలవంక అచ్చం అలాగే ఉంటుంది. తల కదిపితే వణుకుతుంది. బల్బును చూస్తే దాని పక్కనే పలచగా ఇంకో బల్బు. ఎడమ కన్ను మూసినా ఉంటుంది, కుడి కన్ను మూస్తే పోతుంది. ఇంతకంటే వివరంగా ఎవరైనా ఏం చెప్పగలరు?

ఈ రోజు ఆసుపత్రికి పోయి అదే చెప్పబోయాను. లోపల కుర్ర డాక్టరు. కృష్ణా జిల్లా అబ్బాయట. తల ఎత్తకుండానే, "ఏం ఇబ్బంది పెద్దమ్మా?" అన్నాడు. నాకు యాభై రెండేళ్ళు. సరే, పోనీ.

"కంట్లో వంక ఉండాది సార్," అన్నాను.

అప్పుడు ఎత్తాడు తల. "వంకా? నేను చేసిన ఆపరేషన్‌కి వంక పెడుతున్నారా?"

నేను నోరు తెరిచేలోపే పక్కనున్న అటెండరు ఏబేలు సర్దిచెప్పడానికి దిగాడు. "అట్ల కాదు సార్. మా పక్క వంకంటే వాగు సార్. వాగూ వంకా అంటాం గదా. కంట్లో నీళ్ళు పారతాండాయి అంటాంది అక్క."

"ఓ, నీళ్ళు కారుతున్నాయా!" డాక్టరు ముఖం వెలిగింది. తనకు తెలిసిన జబ్బు దొరికింది కదా. చుక్కల మందు రాసేశాడు.

"నీళ్ళు కాదు సార్, నెలవంక..." అంటూనే ఉన్నాను. ఏబేలు నా భుజం మీద చెయ్యి వేసి తలుపు వైపు తిప్పాడు. "చుక్కలెయ్యక్కా, తగ్గిపోతాది. బయట జనం చూడు ఎట్లుండారో." ఏబేలు మంచివాడే. అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది, చెడ్డవాడైతే నాలుగు తిట్టి వచ్చేదాన్ని.

నోరున్న మనిషినని ఊరంతా నాకు పేరు. ఆ నోరు అక్కడ ఏమైపోయిందో.

10 ఫిబ్రవరి

చుక్కలు వేశాను. వంక ఉంది.

11 ఫిబ్రవరి

ఉంది.

14 ఫిబ్రవరి

మా ఆయన యల్లయ్య నోట్లో నువ్వుగింజ నానదు. "కంట్లో వంక అంటాంది మా యింటిది" అని పోయి వాళ్ళన్న గోవిందయ్యకు చెప్పాడు.

గోవిందయ్య బావ ఇంట్లోనే మా వాళ్ళ కులదేవత గంగమ్మ పెట్టె ఉంటుంది. ఏటా కొలుపు చేసేది ఆయనే. రెండేళ్ళుగా చినుకు లేక ఊరి వంక ఇసుక తేలింది. బావ బోరు ఎండిపోయింది. గొర్రెలను తోలుకుని నీళ్ళ కోసం అడవి అంచు దాకా తిరుగుతున్నాడు. ఆ మనిషికి తమ్ముడు పోయి ఈ మాట చెప్పాడు.

సాయంత్రం కర్ర గోడకు ఆనించి, చెప్పులు విప్పి మరీ లోపలికి వచ్చాడు. మామూలుగా వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోతాడు.

"కంట్లో వంక పారతాందంట గదమ్మా?"

"పారడం ల్యా బావా. కనపడతాంది."

"రెండూ ఒకటే గదా."

ఒకటి కాదని చెప్పడానికి మొత్తం చెప్పాల్సి వచ్చింది. ఆయన కూర్చుని విన్నాడు. ఏ పక్కన, అన్నాడు. చెవి పక్కన్నా, ముక్కు పక్కన్నా? పైనా, కిందా? పొద్దున ఉంటాదా, పొద్దు గూకినాకనా? ఎండలోకి పోతే ఏమైతాది? తల తిప్పితే నీతో వస్తాదా, ఆడనే నిలబడతాదా? ఒక్కొక్కటే అడిగాడు. ఒక్కొక్కటే చెప్పాను. చెప్తుంటే ప్రాణం తేలికపడింది. ఇవన్నీ ఆ డాక్టరు అడగాల్సిన ప్రశ్నలు కదా అనుకున్నాను.

అన్నీ విని రెండు చేతులూ జోడించాడు. "గంగమ్మే," అన్నాడు.

వంక అంటే నీళ్ళు, నీళ్ళంటే గంగ, గంగంటే గంగమ్మ. ఏబేలు ఒక మెట్టు ఎక్కించిన మాటను బావ ఇంకో రెండు మెట్లు ఎక్కించాడు. నా కంట్లో ఉన్నది ప్లాస్టిక్ ముక్క. దానికేదో అయింది. ఇంత చిన్న సంగతి తలకెక్కదా వీళ్ళకు?

26 ఫిబ్రవరి

మళ్ళీ మార్కాపురం. ఈసారి నెలవంక అనే అనాలని బస్సులో కూర్చుని నేర్చుకుంటూ పోయాను, బళ్ళో పిల్లలా.

కిటికీ పక్కన, వెలుతురులో నిలబెట్టి గోడ మీద అక్షరాలు చదవమన్నారు. చిట్టచివరి వరస దాకా చదివేశాను. డాక్టరు చాలా సంతోషించాడు. "ఆరుకి ఆరు. నీళ్ళు తగ్గాయా?"

"నీళ్ళు ఎప్పుడూ లేవు సార్."

"వెరీ గుడ్. మందు పనిచేసిందన్నమాట."

ఈ మాటకు గోడకేసి తల కొట్టుకోవాలా వద్దా? అయినా ఓపిక పట్టి, "చీకటి పడితే నెలవంక కనపడతాంది సార్. దీపాలు రెండు రెండు కనపడతాండాయి," అని విడమరిచి చెప్పాను. కంట్లోకి టార్చి కొట్టి చూశాడు. లెన్సు చక్కగా మధ్యలో ఉందట. కొత్త లెన్సు కదా, మెదడు అలవాటు పడాలట. వయసులో ఏవేవో అనిపిస్తాయట. అనిపించడం కాదయ్యా, కనిపించడం!

టార్చి కొడితే వంక పోతుంది. ఎండలో కూడా పోతుంది. మసక వెలుతురులోనే వస్తుంది. పట్టపగలు వచ్చి దొంగ ఏడీ అని వెతికినట్టుంది ఈయన వైద్యం. ఒక్కసారి ఆ లైటు ఆర్పి చూడమని అడగాలని నాకు బస్సులో తోచింది. ఆసుపత్రిలో తోచలేదు.

బయటికి వస్తుంటే ఏబేలు ఓదార్చాడు. "రాష్ట్రమే కొత్తది గదక్కా. మనమూ అంతే, అన్నీ సర్దుకోవాల." అంగన్‌వాడీకి పప్పు రాకపోతే సూపర్‌వైజరూ ఇదే మాట, బస్సు రాకపోతే కండక్టరూ ఇదే మాట. ఇప్పుడు నా కంటికి కూడా ఇదే చీటీ అంటించారు. నేను సర్దుకోను.

5 మార్చి

వీరమ్మక్క పళ్ళెంలో పసుపు, కుంకుమ పెట్టుకుని వచ్చింది. గోవిందయ్య బావ భార్య. నాకంటే పదేళ్ళు పెద్దది, నా కాన్పులకు నన్ను సాకిన మనిషి. వచ్చీ రాగానే వంగి నా కాళ్ళు పట్టుకుంది.

"అక్కా! నువ్వు నా కాళ్ళు పట్టుకునేదేంది?"

"నీ కాళ్ళు గాదులే పిల్లా," అంది, ఇంకా వదలకుండా.

మరి ఎవరి కాళ్ళు? పసుపు నా చీర అంచుకు అంటింది. ఉతికినా పోలేదు. నాకు వచ్చిన కోపానికి పళ్ళెం విసిరికొట్టాల్సింది, అక్క ముఖం చూసి ఊరుకున్నాను.

13 మార్చి

ఈ రోజు పిల్లలకు పాలు పోస్తూ గ్లాసులో పోయకుండా గ్లాసు పక్కన పోశాను. లోపలి గది, వెలుతురు తక్కువ, నాకు రెండు గ్లాసులు కనపడ్డాయి. లేని గ్లాసులో పోశాను. పిల్లలు పకపకా నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకు బాధ లేదు. చెంచమ్మ నవ్వలేదు. చేతులు జోడించింది. అదీ నా బాధ.

మా ఆయన మారిపోయాడు. నిన్న వంటింటి గడప దగ్గర నిలబడి, "టీ తాగినావా?" అని అడిగాడు. పెళ్ళయినప్పటి నుంచి ఈ మాట ఆయన నోట వినలేదు. వాకిట్లో ఇద్దరు ఆడవాళ్ళు నా కోసం కూర్చుంటున్నారు. నేను లేస్తే లేస్తున్నారు. నాకేమీ సంతోషంగా లేదు. అసలు లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

18 మార్చి

బావ అసలు సంగతి బయటపెట్టాడు. మెట్టచేలో కొత్త బోరు వేస్తాడట. టెంకాయ పట్టుకుని నీళ్ళ పాయింటు చూసేవాడు రెండుసార్లు చూపించిన చోట్లు రెండూ ఎండిపోయాయి. "వాడి చేతిలో టెంకాయే గదా తల్లీ ఉండేది. నీ కంట్లో అమ్మే ఉండాది. ఒక్కసారి వచ్చి నిలబడు. చాలు."

నేను రానన్నాను. గట్టిగానే అన్నాను. బోరు బండికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తావు అంటే, ఆడగొర్రెలను అమ్ముతానన్నాడు. మందలో ఆడగొర్రెలు పోతే మిగిలేది ఏముంది? పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి? నాకే తెలిసిన సంగతి ఆయనకు తెలియదా?

"బావా, అది గంగమ్మ గాదు. నా కంట్లో పెట్టిన లెన్సు పక్కకు జారింది," అన్నాను.

"డాక్టరు చెప్పినాడా జారిందని?"

"చెప్పలేదు. బాగుండాదన్నాడు."

"మరి? చదువుకున్న డాక్టరే అంతా బాగుండాదంటే, ఇంక అది అమ్మ గాక ఏంది?"

ఆ కుర్రవాడు తన కుర్చీలో కూర్చుని తేలిగ్గా అన్న ఒక్క మాట ఇక్కడికొచ్చి ఇలా నిలబడింది.

21 మార్చి

ఉగాది. ఏమీ రాయను.

22 మార్చి

నేను చూపించలేదు.

24 మార్చి

నేను చూపించలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పండగ పూట బావ వచ్చి వాకిట్లో నిలబడి కదలకపోతే పోయాను. చేలో నిలబడి ఇదంతా ఉత్తదని అందరి ముందూ చెప్పేసి వద్దామనే పోయాను. మావాళ్ళు ఓ పాతికమంది దాకా ఉన్నారు. పొద్దు నల్లమల మీదికి దిగింది. నడిపొద్దు ఎండలో పోయే వంక, ఆ వాలు వెలుతురు పక్క నుంచి కంట్లో పడగానే భగ్గున మండింది. అంతకుముందు ఎప్పుడూ అంత వెలుగు రాలేదు. తల పక్కకు తిప్పాను. తిప్పితే అదీ తిరిగింది. చెయ్యి ఎత్తి కంటికి అడ్డం పెట్టుకున్నాను.

అంతే. అప్పటికే వీరమ్మక్క గోవిందా గోవిందా అని కేక పెట్టింది. నా చెయ్యి ఎటు ఉందో అటు పరిగెత్తి బావ రాయి పాతేశాడు.

ఎండ కంట్లో పడితే ఎవరైనా చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. చెయ్యి ఎత్తినంత మాత్రాన చూపించినట్టా? నేను ఒక్క మాట అనలేదు.

అనలేదు. అవును, కాదని కూడా అనలేదు. అంతమంది అరుస్తుంటే నా గొంతు ఎవరికి వినపడుతుంది?

2 ఏప్రిల్

బావతో మళ్ళీ చెప్పాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, అంతేనని.

"నీకు తెలవకుండానే అమ్మ నీ చెయ్యెత్తించింది తల్లీ," అన్నాడు. ఎంత నెమ్మదిగా అన్నాడో! నన్నే ఓదారుస్తున్నాడు.

10 ఏప్రిల్

ఆడగొర్రెలను లారీకి ఎక్కించారు. నేను గుమ్మం దాటలేదు. అరుపులు మాత్రం బేస్తవారిపేట రోడ్డెక్కే దాకా వినపడ్డాయి.

16 ఏప్రిల్

బోరు బండి వచ్చింది. పొద్దున్నుంచీ ఇల్లు అదురుతూనే ఉంది. మధ్యాహ్నం చెంచమ్మకు పిల్లలను అప్పజెప్పి పోయాను, పోకుండా ఉండలేకపోయాను.

దుమ్ము. తెల్లటి పొడి దుమ్ము. గొట్టం మీద గొట్టం దించుతున్నారు, పైకి దుమ్మే వస్తోంది. బండివాడు ఆపుదామా అని అడిగినప్పుడల్లా బావ ఇంకొకటి దించమంటున్నాడు. ఆయన తల, మీసాలు, కనుబొమలు అన్నీ తెల్లబడిపోయాయి. చివరికి బండివాడే జాలిపడి ఇంజను కట్టేశాడు.

నన్నెవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఇంటికి వస్తుంటే వీరమ్మక్క నా పక్కన నడుస్తూ, నా వైపు చూడకుండా, "నువ్వు చెయ్యెత్తి చూపిస్తివి గదమ్మా," అంది. అడిగినట్టు కూడా లేదు, తనలో తాను అనుకున్నట్టుంది.

17 ఏప్రిల్

చూపించలేదు.

27 ఏప్రిల్

వంక లావయింది. ఇదివరకు పక్కన ఉండేది, ఇప్పుడు చూపుకు అడ్డంగా వస్తోంది. దాని వెనక నల్లటి నీడ. నిన్న అంగన్‌వాడీ మెట్టు ఒకటి రెండుగా కనపడి, లేని మెట్టు మీద కాలు వేసి మోకాలు పగలగొట్టుకున్నాను. వాకిట్లో ఆడవాళ్ళు ఎవరూ లేరు. బోరు ఎండిన రోజు నుంచే ఎవరూ రావడం లేదు.

మార్కాపురం పోతానంటే, "మళ్ళా పొయ్యి ఏం జేస్తావు? బాగుండాదనే చెప్తాడు," అన్నాడు మా ఆయన. టీ తాగావా అని అడగడం కూడా మానేశాడు.

ఈ మాటలు బావ చెవిన పడ్డాయి. "నేనొస్తా పదమ్మా," అన్నాడు. "ఏందో ఒకటి నాకూ తెలియాల గదా."

30 ఏప్రిల్

మొత్తం రాస్తాను.

అదే గది, అదే డాక్టరు, అదే ఏబేలు. నేను కూర్చున్నాను. బావ నా వెనక, తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు నా పాత చీటీ చూసి, "నీళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు.

నాకంటే ముందు బావ జవాబు చెప్పాడు. "పడలేదు సార్."

"పడలేదా?"

"ఎంత దించినా పడలేదు సార్. వట్టి దుమ్మే వచ్చింది."

"కంట్లో దుమ్ము పడిందా?" అంటూ డాక్టరు టార్చి తీశాడు.

ఏబేలుకు నవ్వొచ్చింది. చేత్తో నోరు మూసుకున్నాడు. బావకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. పెద్ద సారు తన బోరు గురించి ఇంత దయగా అడుగుతున్నాడనుకున్నాడు పాపం. నడుం వంచి, మెట్టచేను ఎక్కడుందో కూడా చెప్పబోయాడు. ఆ వంగిన నడుమును చూసేసరికి ఇన్ని నెలలుగా లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా పైకి వచ్చింది.

"టార్చి కింద పెట్టు సార్," అన్నాను.

ఆయన పెట్టలేదు. నేను ఎడమ చేతి గాజును బల్ల అంచుకు వేసి కొట్టాను. మట్టిగాజు, పుటుక్కున విరిగింది. మణికట్టు మీద గీసుకుని రక్తం వచ్చింది. ఒక ముక్క తీసి ఆయన కాగితాల మీద పెట్టాను.

"ఇది. ఇదీ నాకు కనపడేది. నీళ్ళు గాదు. వాగు గాదు. నీ పనికి వంక పెట్టడమూ గాదు. ఈ గాజుముక్క ఎట్లుందో అట్ల, ఈ పక్కన, చీకటైతే చాలు. మూడు తూర్లు వచ్చినా. ఒక్క తూరి నన్ను సాంతం చెప్పనిచ్చినావా?"

"ఏం పని తల్లీ ఇది!" బావ వణికిపోయాడు. "మొగుడు బతికుండగా గాజు పగలగొట్టుకుంటారా?"

"గాజు పోతే ఇంకోటి ఏసుకుంటా బావా. కన్ను పోతే?"

నా గొంతు వరండా దాకా వినపడినట్టుంది. బయట జనం గోల ఆగిపోయింది. ఏబేలు నోటి మీది నుంచి చెయ్యి తీసేశాడు. డాక్టరు టార్చి కింద పెట్టి ఆ గాజుముక్కను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, కేకలేయలేదు. మొదటిసారి నన్ను సరిగ్గా చూశాడు. "చీకట్లోనే కనిపిస్తుందా?" అన్నాడు.

అప్పుడు బావ మొదలుపెట్టాడు. చెవి పక్కన సార్, కింది మూలకు. ఎండలో పోతాది. తల తిప్పితే ఆమెతోనే వస్తాది. ఒక కన్ను మూసినా దీపాలు రెండు. ఆ రోజు నా దగ్గర విన్నదంతా ఒక్క ముక్క పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఆయన దృష్టిలో అవి అమ్మవారి గుర్తులు మరి, ఎలా మరిచిపోతాడు?

కంట్లో వేరే చుక్కలు వేసి గంటసేపు కూర్చోబెట్టారు. కంటిపాప పెద్దదవుతుందట. తర్వాత లైటు ఆర్పించి మిషను పెట్టి చూశాడు. చూస్తూ చూస్తూ ఊపిరి వదిలాడు. లెన్సుకు నిలబడటానికి రెండు కాళ్ళుంటాయట. ఒక కాలు ఉండాల్సిన చోట లేదు, లెన్సు పక్కకు జారింది. మామూలు వెలుతురులో కంటిపాప చిన్నగా ఉంటే దాని అంచు కనపడదు. మసకలో కంటిపాప పెద్దదైతే ఆ అంచు మీద వెలుతురు పడి మెరుస్తుంది. నా వంక అదే.

"సరిచెయ్యొచ్చు. అయితే కొంచెం అతుక్కుపోయి ఉంటుంది. మొదట్లోనే అయితే సులువుగా అయ్యేది," అన్నాడు. ఆ తర్వాత అన్న మాటను నేను చచ్చేదాకా మరిచిపోను. "ఈ సంగతి ముందే చెప్పాల్సింది కదమ్మా."

ముందే!

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో బావ కిటికీ పక్కన కూర్చున్నాడు. తర్లుపాడు దాటాక నా వైపు తిరిగి, "అయితే అమ్మ గాదన్నమాట," అన్నాడు. కాదు బావా, అన్నాను. మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. కంభం చెరువు కనపడే దాకా అటే చూస్తూ కూర్చున్నాడు.

1 మే

చెయ్యి ఎత్తాను. ఎండకే ఎత్తాను. దించడానికి మాత్రం తొందరపడలేదు.

15 మే

ఆపరేషన్ అయింది. పెద్ద డాక్టరును ఎక్కడి నుంచో పిలిపించి చేశారు. చాలాసేపు పట్టింది, నొప్పి కూడా తెలిసింది. వంగకూడదు, రాయకూడదు అన్నారు. ఇది రాసి ఆపేస్తాను.

4 జూన్

ఆపరేషన్ తర్వాత ఈ రోజే గడప దాటి, చూపించుకుని వచ్చాను. పొద్దు గూకినా వంక రాలేదు. బల్బు ఒకటే. మా ఆయన ఒకడే, అంతే చాలు. అంచున సన్నటి వెంట్రుక లాంటి గీత మిగిలింది. అది ఇక పోదట. మొదట్లోనే చేసుంటే అదీ ఉండేది కాదట. అడిగితేనే చెప్పారు.

కుర్ర డాక్టరు తలుపు దాకా వచ్చి సాగనంపాడు. "చిన్న పొరపాటేనమ్మా, సరిపోయింది. మనసులో ఏమీ పెట్టుకోకండి," అన్నాడు. నేను సరేనని తలూపాను. ఎందుకు ఊపానో తెలియదు. కన్ను తిరిగి వచ్చిన సంతోషంలో అందరూ మంచివాళ్ళే అనిపిస్తారు కాబోలు.

బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే గోవిందయ్య బావ మందను తోలుకుని ఎదురొచ్చాడు. మసక పడింది. దుమ్ములో నుంచి గొర్రెలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నేను పక్కకు తప్పుకుని దారి ఇచ్చి, మిగతావి రావాలని నిలబడ్డాను.

బావ వచ్చేశాడు. ఆయన వెనక ఏమీ లేదు.

"ఇన్నేనా బావా?" అన్నాను.

"ఇన్నే గదమ్మా. నువ్వు రోజూ చూస్తానే ఉంటివి గదా."

చూస్తూనే ఉన్నాను, నిజమే. లారీ పోయిన దగ్గర్నుంచి ఆపరేషన్ దాకా రోజూ ఇదే మసకలో ఈ మందను చూస్తూనే ఉన్నాను. గొర్రె పక్కన గొర్రె కనపడేది. ఫరవాలేదు, బావకు చాలానే మిగిలాయి అనుకున్నాను. ఆ ధైర్యంతోనే అన్నం తిన్నాను, నిద్రపోయాను.

ఈ రోజు ఒక గొర్రెకు ఒక గొర్రే కనపడింది. అన్నీ ముసలివి, పొట్టేళ్ళు. ఒక్కదాని వెంట కూడా పిల్ల లేదు.

చిన్న పొరపాటట. వచ్చి ఈ దారిలో నిలబడి, గోవిందయ్య బావ ముఖం చూసి అనమనండి ఆ మాట.